కత్తిరించిన పేజీ

కుప్పం,
ఫిబ్రవరి 9

హరీష్ అన్నకు,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. కొట్టేసింది నీకు కనబడాలనే ఇంకో కాగితం తీసుకోలేదు. ఫోన్ చేస్తే సగంలో పెట్టేస్తావు. వాట్సాప్‌లో రాస్తే దాన్ని కూడా నీకు కావలసినంత వరకు కత్తిరించి స్టేటస్ పెట్టుకుంటావు. దీన్ని కత్తిరించాలంటే కత్తెర కావాలి, వదిన చూస్తుంది. అందుకే ఉత్తరం.

నిన్న నాతో చదివిన అర్చన పెళ్ళికని మదనపల్లెకు పోయాను. బస్సు దిగి తలెత్తితే టమోటా మార్కెట్ దారిలో నీ ఫ్లెక్స్. ఒక పక్క నల్ల కళ్ళద్దాలతో నువ్వు, నీ చెయ్యి మన కోడె మూపురం మీద. ఇంకో పక్క పాత ఇంగ్లీషు పేజీ ముక్క. కింద ఇంతింత అక్షరాలు: "1913లోనే మొదటి బహుమతి. మా ముత్తాత ఓబులప్ప గారి వంశపు అసలు పుంగనూరు పొట్టి దూడలు మా దగ్గర మాత్రమే." పెళ్ళిలో భోజనం సయించలేదు నాకు. పక్కన కూర్చున్నామె "ఆ అబ్బాయి మీ అన్న కదా" అని సంతోషంగా అడిగింది. అవునని తలూపాను.

ఆ పేజీ నేను వెతికింది అన్నా. ఏదో దేశపు లైబ్రరీ వాళ్ళు మన పక్క పశువుల ప్రదర్శనల నివేదికలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. ఎవరైనా చదువుకోవచ్చు. కానీ అచ్చు మాసిపోయి, పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాలి. నాలుగు నెలలు తిప్పాను. కళ్ళు మండితే తడిగుడ్డ వేసుకుని మళ్ళీ కూర్చున్నాను. ఒకరోజు ఓబులప్ప అనే పేరు కనబడితే "చూడన్నా, తమాషాగా ఉంది" అని నీకు ఫోటో పంపాను. తమాషాకే పంపాను.

ఆ వరసలో నాలుగు గడులున్నాయి. అంకె, బహుమతి, యజమాని పేరు, ఊరు. నువ్వు మూడు ఉంచుకుని నాలుగోది తీసేశావు. ఫ్లెక్స్‌లో చోటు చాల్లేదని మాత్రం చెప్పొద్దు, నీ కళ్ళద్దాలకు చాలింది. ఆ నాలుగో గడిలో యర్రబోడుపల్లె అని ఉంది. అది పెద్దతిప్పసముద్రం దిక్కున, కర్ణాటక సరిహద్దులో ఉండే ఊరు. మనది పుంగనూరు పక్కన నక్కలదిన్నె. నాన్నను అడిగినా చిన్నాన్నను అడిగినా "మొదట్నించీ మనం ఈడనే" అంటారు. మన జిల్లాలో ఓబులప్ప లేని ఊరుందా? పేరు కలిసినంత మాత్రాన మనిషి మన మనిషైపోతాడా? అది నీకూ తెలుసు. తెలుసు కాబట్టే ఊరు తీసేశావు.

అదే పేజీ ముక్కతో నువ్వు పెట్టిన రీల్ మా పీహెచ్‌డీ గైడు మునిచంద్ర సార్ దాకా వచ్చింది. "ఏందమ్మా, నీ థీసిస్ పేజీ సంతలో అమ్ముతాండారు? ఇంటి గొప్పలు తెచ్చి చరిత్ర అని రాస్తాండావా?" అన్నారు, తోటి వాళ్ళందరి ముందు. ఆ ఓబులప్ప ఎవరో ఈ నెలాఖరులోగా తేల్చకపోతే ఆ అధ్యాయమే తీసేయమన్నారు. ఎవరో ఎక్కడని తేల్చేది నేను? ఐదేళ్ళ పనిలో నాకు మిగిలిన మంచి అధ్యాయం అదొక్కటే.

అవ్వ కూడా ఏదో చెబుతుంది కదా అంటావేమో. అవ్వ మాటలు పోయిన వేసవిలో నేనూ రికార్డు చేశాను. అవి కథలు. ఆధారం లేని మాట నా పనికి పనికిరాదు. ఆ మనిషి పొద్దున్నే కోడె తాగిందాకా తాను గుక్కెడు నీళ్ళు కూడా ముట్టదు, నువ్వేమో అదే కోడెకు పూలదండ వేసి పాట పెట్టి రీల్స్ తీస్తున్నావు. సిగ్గు లేదా నీకు?

ఆదివారం లోపల ఫ్లెక్స్ దించు. లేకపోతే పేజీ మొత్తం నీ రీల్ కింద నేనే పెడతాను. దూడలు కొన్నవాళ్ళు ఇంటిమీదికి వస్తే నన్ను పిలవొద్దు.

ఇంకా నీ చెల్లెలినే అయిన,
నందిని


నక్కలదిన్నె,
ఫిబ్రవరి 14

నందినికి,

సుమలత వదిన రాస్తున్నది. నీ ఉత్తరం మీ అన్న చదివి, మడిచి జేబులో పెట్టుకుంటే, అవ్వ లాక్కుని నాతో చదివించుకుంది. తర్వాత కాగితం తెమ్మంది. ఇక్కడి నుంచి అవ్వ చెప్పినవే. ఒక్క మాట మార్చినా ఊరుకోనంది.

ఏమ్మే నందినీ. బాగుండావా అని అడగను. కోపంగా ఉండాను. వాడు కాయితం కత్తిరించినాడని అంతెత్తున లేస్తివే, నువ్వేం జేస్తివి? పోయిన ఎండాకాలం వచ్చి నా నోటికాడ ఆ ఫోను పెడితివి. సెప్పవ్వా సెప్పవ్వా అంటివి. నేను యర్రబోడుపల్లె అని మొదులు పెట్టగానే, దానికి ఆధారం ఏముందవ్వా అంటివి, ఆపేస్తివి. వాడు కాయితాన్ని కత్తిరించినాడు, నువ్వు నన్ను కత్తిరిస్తివి. ఇద్దురూ ఇద్దురే.

ఇప్పుడు ఇను. మీ నాయినకేం తెలుసు, వాడు ఈడ పుట్టినోడు. ఓబులప్ప నాకు మామ. నేను కొత్త కోడలుగా వచ్చి దొడ్లో పేడ ఎత్తుతాంటే, ఆయప్ప తన నోటితో సెప్పినాడు నాకు. ఆయప్పది యర్రబోడుపల్లే. కోడెకు బహుమానం వచ్చిందంట, దొర ఎవురో శాలువా కప్పినాడంట. మరుసటేడు వానల్లేవు. కోడె సర్కారు అడివిలోకి పోయి మేసిందని పట్టుకోనిపోయి బందెలదొడ్లో ఏసినారు. పరాయి సోట మేసిన పశువుల్ని మూసిపెట్టే దొడ్డి, నీకు తెలుసో లేదో. మామ మూడు దినాలు ఆ గేటుకాడనే నిలబడుకోనుండాడు. కడవతో నీళ్ళు తీసకపోతే లోపలికి పోనీలేదు. తొట్లో సుక్క లేదు. మూడో దినం కోడె పడిపాయ. ఆ పొద్దే పెండ్లాన్ని పిలుసుకోని ఊరు ఇడిసి ఈడికి వచ్చినాడు. ఆ ఊరి పేరు ఇంట్లో ఎత్తగూడదు అన్నాడు. బిడ్డలకు గూడా సెప్పలేదు.

దేవుని ముందర ఆయప్ప ఒకటి అనుకున్నాడు, అదీ నాకు తెలుసు. సెప్పను. యాల సెప్పల్ల? నా మాటకు ఆధారం లేదంటివి గదా. నీ కంప్యూటర్నే అడుగుపో.

ఇంతే, అవ్వ లేచి దొడ్లోకి పోయింది. అంతసేపూ మీ అన్న తలుపు పక్కన నిలబడి విన్నాడు. ఫ్లెక్స్ ఇంకా దించలేదు. అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. నువ్వు వేళకు తిను.

సుమలత,
తిమ్మక్క అవ్వ వేలిముద్రతో


కుప్పం,
ఫిబ్రవరి 23

అవ్వా,

వదినా, దీన్ని అవ్వ పక్కన కూర్చుని గట్టిగా చదువు. అన్న కూడా వినాలి.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కంప్యూటర్ తెరవలేదు. నీ మీద కోపం వచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని గొణుక్కున్నాను, చెబుతుంటే ఆపింది నేనే అని తెలిసి కూడా. మూడో రోజు 1914 నివేదిక తెరిచాను. అది ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉంది. ఆ ఏడు ప్రదర్శనలు జరగలేదని మొదటి పేజీలో చూసి, నాకు పనికిరాదని మూసేశాను. బహుమతులు లేని సంవత్సరం నాకెందుకు అనుకున్నాను.

ఈసారి అన్ని పేజీలూ తిప్పాను. రెండు వందల పన్నెండో పేజీలో, పశువుల డాక్టరు ఒకాయన ఊళ్ళు తిరుగుతూ రాసుకున్న మాటలున్నాయి. తెలుగులో చెబుతాను విను. "యర్రబోడుపల్లెలో నిరుడు మొదటి బహుమతి పొందిన కోడె బందెలదొడ్డిలో చనిపోయింది. తొట్టి ఎండిపోయి ఉంది. యజమాని మూడు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడనీ, తర్వాత ఊరు విడిచి పోయాడనీ చెప్పారు." ఇంతే అవ్వా. ఆ కింది పంక్తిలోనే గడ్డి ధర గురించి రాసుకున్నాడు. ఎవరు నీళ్ళు పెట్టలేదో, ఎవరు గేటు తీయలేదో రాయలేదు. నిరుడు పేరు రాసి బహుమతి ఇచ్చిన మనిషికి ఈ ఏడు పేరు కూడా లేదు. ఒట్టి యజమాని. వందేళ్ళ కిందటి వాళ్ళను ఇప్పుడు నేనేం చేయగలను? ఒళ్ళు మండిపోయింది నాకు.

పేజీ తీసుకుపోయి మునిచంద్ర సార్‌కు చూపించాను. రెండుసార్లు చదివి, "ఇది చూడమని ఎవురు చెప్పినారమ్మా?" అని అడిగారు. మా అవ్వ అన్నాను. నీ ఉత్తరం కూడా ఇచ్చాను. అదీ చివరిదాకా చదివారు. "కాగితంలో పేరు లేదు, ఆయమ్మ కాడ ఉండాది. ఆయమ్మ మాట పైన రాయి, కాగితం కింద పెట్టు" అన్నారు. అధ్యాయం నిలిచింది. నీ మాటతోనే మొదలవుతుంది.

అన్నా, విను. నాకు నీ మీద కోపం తగ్గలేదు. ఆయన మన ముత్తాతే. కానీ అది నీకు తెలిసి వేసిన ఫ్లెక్స్ కాదు, నీ అబద్ధం నీ అదృష్టం కొద్దీ నిజమైంది. ఆయన బాధతో పలకొద్దన్న ఊరిని నువ్వు దూడల బేరానికి తీసేశావు. ఫ్లెక్స్ ఉంచుకోవాలంటే ఉంచుకో, ఊరి పేరు వెయ్యి, పక్కన ఈ రెండో పేజీ వెయ్యి. దాన్ని చదివి కూడా దూడ కొనేవాడు వస్తే వాడికి అమ్ము.

అవ్వా, ఇప్పుడు నా సంగతి. పోయిన వేసవి రికార్డింగు ఇవాళ మళ్ళీ పెట్టుకుని విన్నాను. నాలుగు నిమిషాలు. నువ్వు యర్రబోడుపల్లె అంటావు. నేను, ఎంత తెలిసినదానిలాగా, "దానికి ఆధారం ఏముందవ్వా" అంటాను. నా గొంతు వింటే నాకే అసహ్యం వేసింది. ఆ మాట తర్వాతి ముక్క నేనెప్పుడూ వినలేదు, ఏముంటుందిలే అని. ఉంది. నువ్వు మంచం మీద నుంచి లేచిన చప్పుడు. బకెట్ చప్పుడు. ఆ పొద్దు నేను నీకు చెంబుతో నీళ్ళు ఇచ్చాను, గుర్తుందా? నువ్వు దాన్ని పక్కన పెట్టి, "ఉండు మే, కోడె తాగిందేమో సూసొస్తా. అది తాగకుండా మన ఇంట్లో ఎవురూ తాగేదానికి లేదు, మామ మాట" అన్నావు. నేను "సరేలే అవ్వా, ఇది ఆపేస్తా" అన్నాను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు ఏమీ చెప్పొద్దు. కోడెకు నీళ్ళు నేను పెడతాను.

నీ మనవరాలు,
నందిని