మిరియం ముక్క

చింతపల్లి, ఫిబ్రవరి 1998, సంత రోజు

సరుకు తెచ్చినవాళ్లు పక్క కొట్టుకు పోకుండా కూర్చోబెట్టడానికి నేను కనిపెట్టిన పేకాట ఇవాళ నన్నే ముంచింది. పాత శుభలేఖలు కత్తిరించి చింతపండు, పసుపు, మిరియం బొమ్మలు నేనే వేశాను. మిరియం ముక్కను ఆఖరిదాకా దాచినవాళ్లదే గెలుపు. ఆ రూలూ నాదే.

మిరియాలు అమ్మడానికొచ్చిన కొండమ్మ వరసగా మూడాటలు గెలిచి, మూట నెత్తికెత్తుకుని లేచింది.

“మిరియాలు అమ్మవేటి?” అన్నాను.

“మిరియం బేగి దింపితే ఓడిపోతామని నువ్వే కదేటి సెప్పావు, సావుకారూ! మా ఊరోళ్లందరికీ సెప్పేసినాను.”

మూట వచ్చిన సంత జీపే మళ్లీ ఎక్కింది.

రూలు మార్చేద్దామా అంటే... ధర పెరిగేదాకా సరుకు దాచాలన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఎవరికీ చెప్పొద్దన్నాడు కూడా. నేను బొమ్మలేసి మరీ నేర్పాను.