నాలుగో సినిమాలో బురద

జూలై 5, శనివారం

పిచ్చేశ్వరరావు గారు పొద్దున ఆరింటికే వాట్సాప్ గ్రూపులో లిస్టు పెట్టారు. రిటైరయ్యాక ఆయనకి నిద్ర పట్టదు, అందుకని గ్రూపులో మాకూ ఉండదు. ఏజెంట్ కార్వెల్ ఇంగ్లీషు గూఢచారి సినిమాల్లో తొమ్మిదోది వచ్చే నెల రిలీజు. ఈలోగా మొదటి ఎనిమిదికీ ఓటింగు పెట్టి ర్యాంకులు తేల్చేయాలట.

ఆయన లిస్టులో నాలుగోది ఎనిమిదో స్థానంలో ఉంది. అంటే అట్టడుగున.

ల్యాబ్‌కి వెళ్ళేసరికి పద్నాలుగు సీబీసీ రక్త పరీక్షలు నా కోసం కూర్చున్నాయి. చేతులు స్లైడ్ల మీద, మనసు ఫోను మీద.

మధ్యాహ్నం 2.10

గ్రూపులో ఇరవై ముగ్గురం ఉన్నా కొట్టుకునేది నలుగురమే. గుడివాడ పిచ్చేశ్వరరావు గారికి రెండోదే వేదం, ఎందుకంటే అందులో కార్వెల్ ఇంటర్వెల్ దాకా తుపాకీ తీయడు. పామర్రులో సెల్‌ఫోన్ల షాపు పెట్టిన బాబ్జీకి ఏడోది. అంతకుముందువన్నీ గ్రాఫిక్స్ లేని పాత సామానంటాడు. గిలకలదిండి బాలాజీకి ఆరోది, పడవల ఛేజింగ్ కోసం. అందులోనూ ఇంజను ఆపకుండా లంగరు వేశారని అరమార్కు కోశాడు. సొంత బోటున్న మనిషి, ఊరుకుంటాడా? నాలుగోదానికి నేనొక్కదాన్నే.

టిఫిన్ బాక్సు పక్కన పెట్టి బురద సీను మొత్తం టైపు చేశాను. సముద్రం వెనక్కి తీసింది. చుట్టూ మడచెట్లు, మోకాళ్ళ దాకా నల్ల బురద. శత్రుదేశపు గూఢచారికి కాలు విరిగింది. లాకరు తాళం వాడి కడుపులో ఉంది, మింగేశాడు. కార్వెల్ వాణ్ణి వీపున వేసుకుని నడుస్తాడు. నన్ను వదిలెయ్ అంటాడు వాడు. నేను తీసుకెళ్తున్నది నిన్ను కాదు, నువ్వు మింగిన తాళాన్ని అంటాడు కార్వెల్. వాడికి ఒళ్ళు మండి కార్వెల్ చెవి కొరుకుతాడు. రక్తం కారుతుంది. అయినా కార్వెల్ దించడు. నవ్వుతాడు.

మొత్తం సిరీస్‌లో కార్వెల్ నవ్వేది అక్కడొక్కచోటే. ఇంతకన్నా గొప్ప సీను ఎవరైనా చూపించండి చూద్దాం అని చివర్లో తగిలించాను.

జూలై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి బయటికొచ్చి ఫోను తీస్తే నలభై ఒక్క మెసేజ్‌లు. నాలుగో సినిమాలో బురదే లేదంటున్నారు.

పిచ్చేశ్వరరావు గారు దాన్ని తొంభై మూడులో గుడివాడలో మూడుసార్లు చూశారట. అది ఊరి కింద సొరంగమట, మురుగునీళ్ళట. ఆ గూఢచారి వీపు మీద ఉండడట, రబ్బరు పడవలో పడి ఉంటాడట, కార్వెల్ తాడు కట్టి లాగుతాడట. డైలాగు మాత్రం అక్షరం తేడా లేకుండా నేను రాసిందే అని ఒప్పుకున్నారు. చెవి కొరకడం గురించి బాబ్జీ పదిహేడు నవ్వు బొమ్మలు పెట్టాడు. లెక్కపెట్టాను.

ఆఖర్న పిచ్చేశ్వరరావు గారు, ఏమీ అనుకోకండి వినీల గారూ, అసలు మీరు ఆ సినిమా చూశారా అని అడిగారు. మర్యాదగానే అడిగారు. మర్యాదగా అడిగితేనే ఎక్కువ మండుతుంది.

చూశానండి అని కొట్టాను.

జూలై 7, సోమవారం

చూడలేదు.

జూలై 8, మంగళవారం

ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా.

నందివాడ దగ్గర మా ఊళ్ళో నాన్న సంఘ పెద్ద. దేవదానం గారి పిల్లలు సినిమా పోస్టరు వైపు తల తిప్పినా సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోయేది. అన్నయ్య ఇస్సాకు గుడివాడలో ఇంటర్ చదివేవాడు. ఆ సంవత్సరం ఓ పది రోజుల పాటు, సాయంత్రం సైకిలు గోడకి ఆనించి, నేను పంపు దగ్గర అంట్లు తోముతుంటే గట్టు మీద కూర్చుని ఒక సినిమా చెప్పాడు. నాకు పన్నెండేళ్ళు. ఒక్క గిన్నె అరగంట తోమేదాన్ని. అమ్మ నా పనితనం చూసి మురిసిపోయింది.

అదే నాలుగోది. తర్వాత అన్నయ్య బైబిలు ట్రైనింగుకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు నాగాయలంక దగ్గర పాస్టరు. సినిమాల మీద వాక్యం చెప్పడం మొదలుపెడితే మైకు వేడెక్కాలి.

పెళ్ళయ్యాక మిగతా ఏడూ చూశాను. నాలుగోది మాత్రం ఏ యాప్‌లోనూ లేదు, ఏవో రైట్స్ గొడవలు. లేకపోవడమే మంచిదనుకున్నాను.

చూడని సినిమా మీద నోరెత్తకూడదని గ్రూపులో రూలు. పోయినేడు ట్రైలరు చూసి ఎనిమిదోదాన్ని తిట్టినతన్ని తీసేశారు. తీసేయమని గట్టిగా అన్నది నేనే. గ్రూపు పోతే పోతుంది. కానీ ఆ సీనే లేకపోతే? గుంటూరు హాస్టల్లో మొదటి రోజు, మా అమ్మాయి జెనిఫర్ పుట్టేటప్పుడు, నాన్నని ఐసీయూలో పెట్టిన రోజు, ఎప్పుడు భయమేసినా నేను ఆ బురదలోకే వెళ్ళాను. కార్వెల్ మోస్తున్నది నన్నే అనుకునేదాన్ని. వదలడు అనుకునేదాన్ని. అది లేదంటే నాకు ఏడుపొస్తోంది. నలభై నాలుగేళ్ళ మనిషిని, సిగ్గులేకుండా.

జూలై 10, గురువారం

బాలాజీ ఫోను చేశాడు. గ్రూపులో అడిగితే బాగోదని విడిగా చేశాడట. ఆ బురదలో కార్వెల్ ఎలా నడుస్తాడో సరిగ్గా చెప్పమన్నాడు. చెప్పాను. కాలు నిలువునా పైకి లాగడు. ముందు మడమ పక్కకి తిప్పి బురదని వదులు చేసుకుంటాడు, ఆ తర్వాతే కాలు తీస్తాడు. ఒళ్ళు కాస్త ముందుకి వంచుతాడు.

బాలాజీ మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. వాళ్ళమ్మ వీరమ్మ గారు చిన్నప్పుడు పీతలకి తీసుకెళ్ళి అతనికి నేర్పింది అదే నడకట. నిలువునా లాగితే రెండో కాలు ఇంకా దిగిపోతుందట. సూటు వేసుకున్న దొరకి ఈ సంగతి ఎలా తెలుసు, వాళ్ళు గానీ షూటింగుకి మన దివిసీమ వచ్చారా మేడమ్ అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? డైలాగు అక్షరం తప్పు పోలేదు. బొమ్మ మొత్తం తప్పు. ఒకే శాంపిల్‌లో సగం రిపోర్టు కరెక్టు, సగం తప్పు వస్తే మెషీన్ పాడైందనను. శాంపిల్ ఎలా తీశారో అడుగుతాను.

జూలై 12, శనివారం

సెలవు పెట్టి నాగాయలంక వెళ్ళొచ్చాను. చల్లపల్లి దాటాక వాన.

వదిన సత్యవేదం అన్నం పెట్టింది. ఆవిడ చేపల పులుసు కోసం లోపలికి వెళ్ళగానే అడిగేశాను. అన్నయ్య మొహం మాడిపోయింది. తెలియనితనంలో చేసినవి తవ్వకూడదన్నాడు. ఎడమ చెవి రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఇబ్బందైతే ఎప్పుడూ అంతే, చెయ్యి ఆ చెవి మీదికే పోతుంది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కుక్క కరిచిన గాటు ఉంటుంది అక్కడ.

ఇంకేం చెప్పలేదు. బస్సెక్కించడానికి వచ్చి మాత్రం గొడుగు కింద నిలబడి ఒక్క మాట అడిగాడు. నాలుగోదాన్ని అట్టడుగున పెట్టింది ఎవరు, ఎందుకు అని.

పాస్టరు గారికి కోపం వచ్చింది. నాకు భలే సంతోషం వేసింది.

జూలై 17, గురువారం

కొంప మునిగింది. బాబ్జీకి నాలుగోది దొరికింది. తెలుగు డబ్బింగే. రిపేరుకొచ్చిన ఎవరిదో పాత హార్డ్ డిస్కులో ఉందట, అడిగి కాపీ చేసుకున్నాడట. ఆదివారం మూడింటికి పిచ్చేశ్వరరావు గారి మేడ మీద ప్రొజెక్టర్ పెడుతున్నారు. బురద ఉందో లేదో అక్కడే తేలుతుందని ఆయన గ్రూపులో రాశారు. వేడి బజ్జీలు కూడా ఉంటాయట.

జూలై 18, శుక్రవారం

వెళ్ళకపోతే బురద నాకు మిగులుతుంది. వెళ్తే పోతుంది. కానీ తెలియకుండా ఎలా ఉండటం?

జూలై 20, ఆదివారం, సాయంత్రం 6.40, బస్సులో

చేతిరాత వంకరగా ఉంది, పామర్రు రోడ్డు గుంతల వల్ల.

మొదటి సీన్‌లోనే అనుమానం వచ్చింది. ఫోను మోగుతుంది. అన్నయ్య చెప్పినట్టే మూడుసార్లు మోగి ఆగి మళ్ళీ మోగింది. కానీ అన్నయ్య చెప్పింది ఎర్ర ఫోను. తెర మీద నల్లది. హీరోయిన్‌కి అన్నయ్య కళ్ళజోడు పెట్టాడు. ఈవిడకి లేదు. గొంతు మాత్రం లెక్కల టీచరు గొంతే, అన్నయ్య చెప్పినట్టే.

సీను వచ్చింది. సొరంగం. మురుగునీళ్ళు. రబ్బరు పడవ. పిచ్చేశ్వరరావు గారు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. మిగతావాళ్ళు కష్టపడలేదు. సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను.

మూసుకోగానే బురద వచ్చింది.

చప్, చప్ మని అడుగులు. రొప్పు. ఆగడం. మళ్ళీ చప్. నన్ను వదిలెయ్. నేను తీసుకెళ్తున్నది నిన్ను కాదు. మొత్తం ఉంది. మడచెట్లున్నాయి, నల్ల బురద ఉంది, వీపు మీద వాడున్నాడు. కళ్ళు తెరిస్తే సొరంగం, మూస్తే బురద. రెండు మూడుసార్లు తెరిచి మూసి చూశాను. చప్పుడు చేసేవన్నీ కరెక్టు. చప్పుడు చేయనివన్నీ అన్నయ్యవి.

అన్నయ్య ఈ సినిమా చూడలేదు. విన్నాడు.

మెట్లు దిగే ముందు అందరికీ చెప్పేశాను, నేను ఎప్పుడూ చూడలేదని, అన్నయ్య చెబితే విన్నదేనని, చూశానని అబద్ధం రాశానని. బాబ్జీ బజ్జీల ప్లేటు నా ముందుకి జరిపాడు.

జూలై 21, సోమవారం

లంచ్ టైంలో అన్నయ్యకి ఫోను. నువ్వు హాల్లోకి వెళ్ళలేదు కదా అన్నాను. అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పాడు.

ఇంటర్‌లో చేరేటప్పుడు, సినిమా చూడనని, హాల్లో అడుగు పెట్టనని నాన్నకి బైబిలు మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడట. పెట్టలేదట. హాలు వెనక సైకిల్ స్టాండు వైపు తలుపు ఉక్కకి తీసి ఉంచేవాళ్ళట, దానికి మందపాటి పరదా కట్టి. ఆ గోడకి ఆనుకుని నాలుగు మ్యాట్నీలు నిలబడ్డాడట.

"చూడనని మాటిచ్చాను వినీలా. విననని ఇవ్వలేదు."

నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. గొంతు తగ్గించి అన్నయ్య ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. ఫోను ఏ రంగు? ఆవిడకి కళ్ళజోడు ఉందా? అద్దం పగిలిన చప్పుడొచ్చింది, అది కిటికీయా, గ్లాసా? ముప్పై రెండేళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నీ. ముప్పావుగంట సినిమా చెప్పాను. ఈసారి నేను చెప్పాను, అన్నయ్య విన్నాడు. సొరంగం అనగానే ఉసూరుమన్నాడు. తన బురదే నయం అన్నాడు.

ఒక్కటి మాత్రం తేలలేదు. చెవి కొరికితే చప్పుడు రాదు. తెర మీదా లేదు. మరి అదెక్కడిది? అడిగితే, ఎవరో ప్రార్థనకి వచ్చారని పెట్టేశాడు.

జూలై 24, గురువారం

పిచ్చేశ్వరరావు గారి తీర్పు వచ్చింది. అబద్ధం ఆడినందుకు వినీల గారు వారం రోజులు గ్రూపులో మాట్లాడకూడదు, ఓటు మాత్రం వేయొచ్చు. రూలు కూడా మార్చారు. చూసినవాళ్ళూ, విన్నవాళ్ళూ మాట్లాడొచ్చట. ఆ తర్వాత విడిగా మెసేజ్ పెట్టారు, మీ అన్నగారి సినిమా మొత్తం ఒకసారి వాయిస్‌లో చెప్పి పంపుతారా, మా ఆవిడ కూడా అడుగుతోంది అని.

జూలై 26, శనివారం

అన్నయ్య పాస్టర్ల మీటింగ్‌కి బందరు వచ్చి భోజనానికి ఇంటికొచ్చాడు. ఈసారి ప్రార్థన వంక దొరకదు. చెవి సంగతి అడిగాను.

ముందు అన్నం కలుపుకున్నాడు. నాకు నాలుగేళ్ళట, తనకి తొమ్మిది. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పీత వెనకాల పడి నేను మడచెట్ల మధ్య పాయలోకి దిగిపోయానట. నడుము దాకా బురద. అన్నయ్య దిగి నన్ను వీపున వేసుకున్నాడట. నడక అప్పటికే తాతయ్య నేర్పించాడట. పీత కావాలని గింజుకున్నానట, వదిలెయ్ వదిలెయ్ అని అరిచానట. వదలకపోతే చెవి పట్టుకుని కొరికేశానట. నాన్నకి తెలిస్తే నా వీపు చీరేస్తారని, ఇంటికొచ్చి కుక్క కరిచిందని చెప్పాడట. గోడ వెనకాల ఆ చప్పుడు వినగానే తనకి ఇదే కనబడిందట. ఇంకోలా చూడటం రాలేదట.

మరి ఆ కుక్క అన్నాను, పెరుగు గిన్నె పట్టుకుని.

"కుక్క లేదు, ఏం లేదు. ఆ కుక్కవి నువ్వే" అన్నాడు.

జెనిఫర్ పొలమారేలా నవ్వింది. నేను లోపలికెళ్ళి కాసేపు వంటగదిలో నిలబడ్డాను.

జూలై 27, ఆదివారం

ఓటింగ్ అయిపోయింది. నాలుగోది ఎనిమిదో స్థానం. బాలాజీ, నేను, రెండే ఓట్లు.

అన్నయ్యకి ఫోను చేసి ఫలితం చెప్పాను. తర్వాత, చెవి బాగా నొప్పి పుట్టిందా అని అడిగాను. నలభై ఏళ్ళు ఆలస్యంగా.

నవ్వాడు.