ఇన్నయ్య మట్టలడిగాడు

మంగళవారం రాత్రి. రేపు విభూది బుధవారం.

పోయినేడు మట్టల ఆదివారం తెచ్చుకున్న మట్టలు కాల్చి విభూది చేస్తారు గదా, వాటి కోసం ఈ సాయంత్రం మా చిన్నాన్న కొడుకు ఇన్నయ్య గడపలోకి వచ్చాడు. పొలం గట్టు గొడవైన ఆరేళ్లకు.

"అన్నా, మీ మట్టలు గూడా ఇయ్యి, మాయాటితో కలిపి గుళ్లో ఇచ్చొస్తా. రేపు పూజకు కలిసే పోదాం" అన్నాడు. దేవుడి పటం వెనక నుంచి తీసి ఇచ్చాను.

రేపటితో మొదలయ్యే తపస్సుకాలం రాకముందే పగలు, పంతాలు వదులుకోమని ఫాదర్ గారు ఆదివారం చెప్పారు. అందుకే వచ్చాడా? ఎల్లుండి సర్వేయరు గట్టు కొలవడానికి వస్తున్నాడు. గట్టు ఇన్నయ్య చెప్పిన చోటే ఉందని నేను సంతకం పెట్టాలి. అందుకా?

అతను పోయాక మా ఇంటిది కసిరింది. "మంచిగా వచ్చినా అనుమానమేనేందయ్యా నీకు?"

"సర్వే మాటే ఎత్తలా, చూశావా" అన్నాను.

"ఎత్తితే ఒక తప్పు, ఎత్తకపోతే ఇంకో తప్పా?"

ఈ ఆరేళ్లూ అతన్ని క్షమించానని ఫాదర్ గారి ముందు మోకరించి పాపసంకీర్తనంలో చెప్పి విభూది పెట్టించుకున్నాను. ఒక్కసారైనా వాళ్లింటికి పోలేదు.

రేపు దారిలో అతను సర్వే సంగతి ఎత్తితే నాకు తేలిక. ఎత్తకుండా గుడిదాకా నడిచాడంటే, ఫాదర్ గారి దగ్గర మోకరించాల్సింది నేనే.