అట్ట మీది పేరు

సుజౌ,
తొమ్మిదో నెల మూడో రోజు

పేయున్ అక్కకు,

హాన్‌కౌలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న ఆరోగ్యం బాగానే ఉంది. బాగా లేనిది నేను. మరెవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

మా పుస్తకం లండన్ నుంచి అచ్చయి వచ్చింది. చూపు పోయాక కూడా నాన్న ఎనిమిదేళ్లపాటు ఆ ప్రాచీన గురువు మాటలను ఒక్కొక్కటిగా అప్పజెప్పి, అర్థం విడమరిచి చెబితే, నేను ఇంగ్లీషులోకి దించాను. కాలేజీలో పాఠాలు చెప్పే వినింగ్‌టన్ దొర నా ఇంగ్లీషును దిద్దాడు. అతను చేసింది అంతే. అట్ట మీద మాత్రం అతని పేరొక్కటే ఉంది. లోపల ముందుమాటలో ‘ఒక స్థానిక వృద్ధుడి సాయంతో’ అని ఒక ముక్క. నా ఊసే లేదు. ఈ సంగతి నాకు వసంతంలోనే తెలుసు. "తెలియని చైనా పేరుంటే అక్కడెవరూ కొనరు, మిస్ ఫాన్" అన్నాడు. నేను తలూపాను.

పార్సిల్ విప్పగానే నాన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నా పేరెక్కడుందే? వేలు పెట్టించు" అన్నారు. నేను ఆయన వేలు పట్టుకుని బంగారు అక్షరాల మీద పెట్టాను. దొర పేరు మీద, అక్కా. ఆయన ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమి, "ఎత్తుగా తగులుతున్నాయి. మీ అమ్మ ఉంటే బాగుండేది" అన్నారు.

ఆ రోజు నుంచి, చదరంగానికి వచ్చే టాంగ్ గారికి రోజూ చూపిస్తున్నారు. నాన్నలాగే టాంగ్ గారికీ ఇంగ్లీషు రాదు. "ఇంత మెరిసే పేరున్నవాడి చేతిలో ఓడిపోయినా ఫరవాలేదులేవయ్యా" అని ఆటపట్టిస్తారు. నాన్న నవ్వుతారు. నేను వంటింట్లోకి పోతాను.

తొమ్మిదో తారీఖు పండుగకు టాంగ్ గారి మేనల్లుడు షాంఘై నుంచి వస్తున్నాడు. ఇంగ్లీషు మాస్టరు. అట్ట మీది పేరు ఇట్టే చదివేస్తాడు. మొన్న పుస్తకాన్ని బీరువా వెనక దాచాను. నాన్న రోజంతా ఇల్లు తడుముకుంటూ వెతికారు. చూడలేక మళ్లీ తీసి ఇచ్చాను. అతను రాకముందే నేనే చెప్పేస్తాను. నువ్వు ఆయనకేమీ రాయకు. నా నోటితోనే వినాలి.

నీ చెల్లెలు
పేలాన్


సుజౌ,
తొమ్మిదో నెల పదిహేనో రోజు

పేయున్ అక్కకు,

చెప్పేశాను. పండుగ ముందురోజు పొద్దున నాన్న తామర దుంపలు తింటుండగా చెప్పాను. ఆయన నమలడం ఆపారు.

"అయితే నేను తడిమింది ఎవర్ని?"

"వినింగ్‌టన్ గారిని."

"పొడుగు పేరే. అందుకే అంతసేపు పట్టింది" అన్నారు. నేను ఏడుస్తుంటే, "పేరుదేముందే. లోపలున్నది చదువు. మన మాటలో చెప్పు" అన్నారు.

అసలు సిగ్గు అక్కడ మొదలైందక్కా. ‘జనం పస్తులుండగా కడుపు నింపుకునే రాజు దొంగ’ అని గురువు అన్న మాట ఉంది కదా, తెరిచిన పేజీలో అదే వచ్చింది. దాన్ని మెత్తబరచమని దొర అప్పట్లో అడిగాడు. తూర్పు దేశపు జ్ఞానుల దగ్గర అక్కడివాళ్లు వెతికేది మనశ్శాంతినట. ‘మంచి రాజు భోజన వేళ కూడా ప్రజలను తలుచుకుంటాడు’ అని నేనే మార్చి ఇచ్చాను. ఇప్పుడు అసలు మాటే అప్పజెప్పేసి ఊరుకుంటే నాన్నకు తెలిసేది కాదు. నాలుక దాకా వచ్చింది. కానీ ఒకసారి ఆయన వేలు పట్టుకుని మోసం చేశాను. రెండోసారి చేతకాలేదు. పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

"ఇదెవరన్నారు?"

"నేను రాశాను నాన్నా. దొరగారు అడిగారు."

"ఇలాంటివి ఇంకెన్ని?"

"ఇరవైకి పైగా."

గిన్నె పక్కకు జరిపి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఇంకేమీ తినలేదు.

మర్నాడు టాంగ్ గారూ మేనల్లుడూ వచ్చారు. అతను అట్ట చూసి, నా వైపు చూసి, లోపలి పేజీలు తిప్పసాగాడు. ఆ చప్పుడు విని నాన్నే అన్నారు. "అందులో నా పేరు వెతక్కు బాబూ. లేదు. లేకపోవడమే నయమైంది." టాంగ్ గారు మొదటిసారి ఏ పరాచికమూ ఆడకుండా చదరంగం పావులు సర్దుకున్నారు.

వాళ్లు వెళ్లాక నాన్న, "ఆ మాట గురువు రాజు ఎదుట నిలబడి అన్నాడే. నువ్వు లండన్‌లో కూర్చుని టీ తాగేవాళ్ల ఎదుట అనలేకపోయావు" అన్నారు. గొంతు కూడా పెంచలేదు.

ఆ ఇరవై పైచిలుకు వాక్యాలూ నేను మార్చినవేనని, తప్పులని, నా పేరు పెట్టి దొరకూ లండన్ వాళ్లకూ రాశాను. జవాబు వస్తుందన్న ఆశ లేదు. నిన్న నాన్నే పిలిచి కలం తెమ్మన్నారు. ఇంక మనది ఎవరూ అచ్చు వేయరని చెప్పాను. "వేస్తారా అని అడిగానా?" అన్నారు.

ముందు ఆ దొంగ రాజు మాటతోనే మొదలుపెట్టాం. ఈ పొద్దున రాసింది మన మాటలో చెప్పబోతే, "వద్దు, ఇంగ్లీషులోనే చదువు" అన్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవి ఒగ్గి విన్నారు.

"గరుకుగా ఉందేం?"

"ఉండాలి నాన్నా."

"ఉండాలి" అని, "తర్వాతిది రాసుకో" అన్నారు.

నీ చెల్లెలు
పేలాన్