రెండు నిమిషాల ఇంగ్లీషు

జూన్ 3, మంగళవారం

మళ్లీ ఫెయిల్. చిట్టీలో "రెయిన్" అని వచ్చింది. వాన గురించి రెండు నిమిషాలు మాట్లాడలేని వెధవని నేనొక్కడినే అయ్యుంటాను. "రెయిన్ ఈజ్ వెరీ గుడ్" అన్నాను. తర్వాత నోరు ఎండిపోయింది. సేఫ్టీ మేనేజర్ కృష్ణంరాజు గారు వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. ఇరవయ్యో తారీకున ఆఖరి ఛాన్స్ అన్నారు.

పని మొదలయ్యే ముందు రోజూ అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ ఇకమీదట ఇంగ్లీషులోనే ఉండాలట. ఒడిశా, బీహార్ వాళ్లకి తెలుగు రాదట. వాళ్లకి ఇంగ్లీషు మాత్రం వచ్చా? అడిగే ధైర్యం లేదు.

పరంజాలు కట్టే మా స్కాఫోల్డింగ్ గ్యాంగ్ మొత్తాన్ని నెలాఖరుకి తీసేస్తున్నారు. ఈ పరీక్ష పాసై సేఫ్టీ అసిస్టెంట్‌గా సెలెక్ట్ అయితే ఉంటాను, లేకపోతే ఇంటికే. మా ఆవిడ దేవికి ఏడో నెల. తనకి ఇంకా చెప్పలేదు.

జూన్ 6, శుక్రవారం

మద్దిలపాలెంలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను. డ్యూటీ దిగాక గాజువాక నుంచి బస్సులో నిలబడే ప్రయాణం. సూర్యకళ మేడమ్ పద్ధతి ఒకటే. ముందు ఒక మాట చెప్పాలి, ఎందుకో చెప్పాలి, తెలిసిన మనిషిని పేరు పెట్టి ఉదాహరణ ఇవ్వాలి, మళ్లీ మొదటి మాటకి రావాలి. పేరు చెబితే వినేవాళ్లు నమ్ముతారట. నిజమా కాదా అని ఆలోచిస్తే నోరు ఆగిపోతుందట. ఏం చేసినా ఆగకూడదట.

జూన్ 11

ఈ వారం క్లాసులో మా గవర్రాజు మావయ్య మూడుసార్లు చచ్చిపోయాడు. సిగరెట్ టాపిక్‌లో ఒకసారి, హెల్మెట్ టాపిక్‌లో ఒకసారి, కోపం టాపిక్‌లో ఒకసారి. ఆయన పెందుర్తిలో గుండ్రాయిలా ఉన్నాడు. పాపం తగలకుండా ఉంటే చాలు. కానీ యాభై సెకన్లు ఆగకుండా మాట్లాడాను.

జూన్ 14, శనివారం

జగ్గారావు బావని చూసొచ్చాను. ఒకే గ్యాంగ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాం. మే నెలలో షెడ్డు పైనుంచి పడ్డాడు, నడుం విరిగింది. లేస్తాడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

ఆ పొద్దున్న సేఫ్టీ బెల్ట్ హుక్ పట్టడం లేదు, ఇంకోటి ఇవ్వమని సూపర్‌వైజర్‌ని అడిగాడు. ఈ పూటకి దాంతోనే కానిచ్చెయ్ అన్నాడాయన. ఆ మాట విన్నది నేనొక్కడినే. కంపెనీ తప్పని తేలితేనే బావకి పరిహారం. ఎంక్వయిరీలో నన్ను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతానని బావ భార్య నాగమణికి మాటిచ్చాను.

బావ మాత్రం నా ఇంగ్లీషు సంగతే అడిగాడు. ఏదీ, రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. సిగ్గేసి మాట్లాడలేదు.

జూన్ 19

రేపే పరీక్ష. బాత్రూంలో ప్రాక్టీస్ చేస్తుంటే దేవి తలుపు కొట్టి లోపల ఎవరున్నారంది. మొత్తం చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. కూర్చుని చిట్టీలు రాసిచ్చింది. పప్పు, చెప్పులు, చంద్రుడు. చంద్రుడి దగ్గర నోరు పడిపోయింది.

జూన్ 20, మధ్యాహ్నం 1

పాసయ్యాను.

జూన్ 20, సాయంత్రం 6

చిట్టీలో "కేర్‌లెస్‌నెస్" వచ్చింది. ఎదురుగా కృష్ణంరాజు గారు, హెచ్చార్ మేడమ్, టేబుల్ మీద రికార్డ్ చేస్తున్న ఫోన్. ఒక మాట చెప్పాను. ఎందుకో చెప్పాను. ఇక ఉదాహరణ కావాలి. గవర్రాజు మావయ్య గుర్తు రాలేదు. ఒక సెకను. రెండు. దేవి మొహం కళ్ల ముందు తిరుగుతోంది.

"మై ఫ్రెండ్ జగ్గారావు" అన్నాను. అంతే, కుళాయి విప్పినట్టు వచ్చేసింది. హి డిడ్ నాట్ హుక్ హిజ్ బెల్ట్. ఐ సా విత్ మై ఓన్ ఐస్. ఐ టోల్డ్ హిమ్, బ్రదర్, ప్లీజ్ హుక్. హి లాఫ్డ్. రెండు నిమిషాల పది సెకన్లు, ఒక్కచోట ఆగలేదు. కృష్ణంరాజు గారు లేచి చెయ్యి కలిపారు. హెచ్చార్ మేడమ్ నా మాటలు రాసుకున్నారు. నా బతుకులో నా మాటలు ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. దేవుడా, ఎంత సంతోషించానో.

బస్సెక్కాక గానీ ఏం వాగానో తెలియలేదు.

అది స్పీచ్. స్టేట్‌మెంట్ కాదు. వాళ్లకి ఆ మాత్రం తెలియదా?

జూన్ 23, సోమవారం

కృష్ణంరాజు గారి రూమ్‌కి వెళ్లాను. సార్, మొన్న చెప్పింది ఊరికే ఉదాహరణకి అల్లింది, అన్నాను. కూర్చోబెట్టి టీ తెప్పించారు. అబద్ధం మొన్న చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా అని మెల్లగా అడిగారు. నా అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఆయన చేతి కింద ఉంది, సంతకం కాకుండా. టీ తాగాను. సంతకం పెట్టారు. ఆర్డర్ తెచ్చుకున్నాను. థూ నా బతుకు.

జూన్ 27

తెల్ల హెల్మెట్ ఇచ్చారు. దేవి ఫొటో తీసింది.

జూలై 4, శుక్రవారం

కంపెనీ నుంచి వచ్చిన కవరు పట్టుకుని నాగమణి వచ్చింది. ఇంగ్లీషులో ఉందట, నాకన్నా ఎవరు చదువుతారంది. ఎంక్వయిరీ రిపోర్టు అది. రెండో పేజీలో నా పేరు, కింద నా మాటలు, ఒక్క ముక్క మార్చకుండా. మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే గట్టిగా చదివాను. ఎక్కడా ఆగలేదు.

"ఎంత బాగా సదివినావన్నయ్యా. నీ పేరు ఇనబడ్డాది. సెప్తానన్నావు, సెప్పినావు," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఏటి రాసినారో ఇప్పుడు మన మాటల్లో సెప్పు."