నాలుక ఎదురు తిరిగింది

అమ్మకి,

నీ పెద్ద కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. మీ అల్లుడుగారు క్షేమం, ఇల్లు క్షేమం. నా సంగతే అడక్కు. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"వాంతులు తగ్గాయా?" అని అడిగావు. తగ్గలేదు. "పొద్దున పూటేగా" అని కూడా రాశావు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ నా కంటబడితే ఊరుకోను. మెట్లెక్కుతుంటే, పళ్లు తోముకుంటుంటే, బస్సు మలుపు తిరిగితే... దానికి వేళాపాళా లేదు. "అల్లుడుగారు చూసుకుంటున్నారా?" అన్నావు. చూసుకుంటున్నారు, పాపం. ఆయన సబ్బు వాసన పడటం లేదన్నానని సబ్బు మార్చారు, మళ్లీ మార్చారు, ఇప్పుడు ఉత్త నీళ్లతో స్నానం చేస్తున్నారు. అదీ పడటం లేదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సాయంత్రం ఫోన్లో చూసి, "ఈ వారం కందిగింజంత ఉంటుందట" అని మురిసిపోతారు. కందిగింజంత దానికి ఇంత పెత్తనమా అమ్మా? కూర్చోమంటే కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి.

అసలు బాధ ఉద్యోగంలో. నా పని నీకు తెలిసిందే, బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూడటం. ప్రతి వాయీ ఓవెన్లోంచి రాగానే ఒకటి కొరికి, నమిలి, "పంపండి" అనో "ఆపండి" అనో అనాలి. మా రుచి గది పెద్ద మేడం వచ్చే నెల రిటైరవుతుంది. ఆ కుర్చీ నాదేనని అందరూ అనుకున్నారు. ఇన్నేళ్లూ దానికోసమే కారం మానేసి, కాఫీ మానేసి ఈ నాలుకను కాపాడుకొచ్చాను. ఇప్పుడేమో ఏది కొరికినా ఇనప మేకు చప్పరించినట్టుంది. మూడో నెల దాటేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని నువ్వు నా దగ్గర మాట తీసుకున్నావు కదా, అందుకని కిమ్మనకుండా కొరుకుతూనే ఉన్నాను.

మొన్న ఒక వాయి ఆపమన్నాను. "మాడింది, చేదుగా ఉంది" అన్నాను. దాని తర్వాతదీ ఆపమన్నాను. అంతా పారబోశారు. ఓవెన్ మేస్త్రిని మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. ఆ పెద్దాయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, వేడి ఎప్పట్లాగే పెట్టాను. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పు, సరిచేసుకుంటా" అన్నాడు. నన్ను అనుమానించాలని కూడా ఆయనకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

అమ్మా, నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేదు. తిట్టాలనుంటే తిట్టు. తిన్నగా మేనేజరు గదికెళ్లి, "ఓవెన్ బాగానే ఉంది సార్, నా నాలుకే బాగాలేదు. నాకిప్పుడు రెండో నెల" అని చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి, "ఎంత మంచి కబురమ్మా!" అని, ఆ నోటితోనే, "అయితే ఇక రుచి గదిలోకి రాకు, ప్యాకింగ్ చూసుకో" అన్నాడు. పెద్ద మేడం కుర్చీ నేను పని నేర్పిన అమ్మాయికిస్తున్నారు. ఇప్పుడు కనిపించిన ప్రతివాళ్లూ శుభాకాంక్షలు చెబుతున్నారు. నేను డబ్బాలకు చీటీలు అంటిస్తూ నవ్వుతున్నాను. నవ్వి నవ్వి బుగ్గలు నొప్పి పుడుతున్నాయి. ఒళ్లు మండిపోతోంది.

ఇంకొకటుంది. మీ అల్లుడుగారికి కూడా చెప్పలేదు. ఇంతవరకూ నాకు ఒక్క క్షణమైనా సంతోషం కలగలేదు. బిడ్డ వద్దని కాదు. నిన్న పొత్తికడుపులో కలుక్కుమంటే బిడ్డకేమవుతుందోనని హడలిపోయి, తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. తగ్గగానే మళ్లీ కోపమొచ్చింది. ఇలాంటిదాన్ని నేనేం తల్లినవుతాను?

నన్ను మోసిన రోజుల్లో ఎంత మురిసిపోయావో ఎప్పుడూ చెబుతుంటావు. ఈసారి ఆ కథ వద్దు. నా మీద ఒక్కసారైనా విసుగు పుట్టిందా? "ఎక్కడ దాపురించిందిరా ఇది నా ప్రాణానికి" అనుకున్నావా? అనుకునుంటే దాచకుండా రాయి. నేనేమీ నొచ్చుకోను. అంత విసుక్కుని కూడా నన్నిలా పెంచగలిగావని తెలిస్తే, నాకు కాస్త ధైర్యమొస్తుంది.

ఇట్లు,
నీ కోపిష్టి కూతురు