అక్షరాలు అరిగిన కంప్యూటర్

కొండాపూర్,
14-3-1999, ఆదివారం.

ప్రభువు కాపుదలలో మస్కట్టులో ఉన్న నా బిడ్డ లీదియాకు, అమ్మ ఎస్తేరమ్మ దీవించి రాయించే సంగతులు. ఇక్కడ నేనూ, నీ కూతురు జాస్మినూ ఒంటికి బాగానే ఉన్నాము. నీ ఒళ్ళు కూడా బాగుండాలని పొద్దున చర్చిలో మోకరించి అడిగాను. మనసుల సంగతి వేరు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

రాస్తున్నది ఎప్పటిలాగే జాస్మిన్. నేను చెప్పేదాన్ని అది పుస్తకం భాషలోకి మార్చి రాస్తుంది. మార్చుకోనీ. కానీ నా కోపాన్ని మాత్రం తీసెయ్యొద్దని, ఏ మాటా మింగొద్దని, మధ్యలో పెన్ను పడెయ్యొద్దని ముందే మాట తీసుకున్నాను. ఒట్టు పెట్టుకోకూడదని చర్చి అయ్యగారు అంటారు గనుక మాటతో సరిపెట్టుకున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు ఏడుస్తుంది, ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది. నువ్వు పంపిన పూతమందు రాస్తున్నాను. ఇల్లుగలాయన పైన ఇంకో అంతస్తు లేపుతున్నాడు, గిన్నెల్లో అన్నం కంటే సిమెంటు దుమ్మే ఎక్కువ. కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన ఆ గుండ్రటి అద్దాల మేడ చూశావా అని అడిగావు. చూశాను. మధ్యాహ్నంపూట ఎండంతా మన కళ్ళలోకే కొడుతుంది. లోపలికి మనవాళ్ళెవరూ పోలేదు. జాస్మిన్ పని నేర్చుకునే ఆఫీసు దాని వెనక సందులో, టిఫిన్ హోటల్ మీద రెండు గదులు.

నీతో పనిచేసే షారోన్ చేత నువ్వు పంపిన డబ్బు కవరు అందింది. నా బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టాను. నర్సింగు స్కూల్లో నెలాఖరులోపు కట్టమన్నావు. ఇంకా కట్టలేదు. ఎందుకు కట్టలేదో చెబుతాను, చివరిదాకా చదివాకే నన్ను తిట్టు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో మూడు నిమిషాలుంటే అందులో రెండున్నర నువ్వే అరుస్తావు. ఉత్తరమైతే నోరు మూసుకుని చదవాలి. షారోన్‌కు సెలవు అయిపోయింది, గురువారం విమానం ఎక్కుతుంది. ఆ రాత్రికే ఇది నీ చేతిలో పెడతానంది.

నీ పోయిన ఉత్తరంలో ఏం రాశావో నీకు గుర్తుందా? "డాక్టరుగారు తన దేశం పోతూ అమ్మితే కొని, క్రిస్మసుకు ఒళ్ళో పెట్టుకుని విమానంలో మోసుకొచ్చాను. రెండు నెలలు కూడా దాన్ని కాపాడుకోలేకపోయింది. అజాగ్రత్త పిల్ల. ఇంకో కంప్యూటర్ కొనేది లేదు. మర్యాదగా నర్సింగులో చేరమను." ఇదంతా నాకు చదివి వినిపించింది ఎవరనుకున్నావు? అదే. తనను తిట్టిన తిట్లను తానే చదివింది. గొంతు కూడా మారలేదు. చదివాక మడతపెట్టి, "అమ్మ చెప్పింది నిజమే గద, అమ్మమ్మా. చేరుత తియ్యి" అంది.

నర్సు పని చిన్నదని నేను అనను. ముప్పై ఏళ్ళు మిషను దవాఖానలో ఆయాగా చేసి, అక్కడి నర్సమ్మలను చూసే నిన్ను నర్సును చేశాను. కానీ నువ్వు ఆ పని కావాలని ఏడ్చి మరీ తెచ్చుకున్నావు. ఇది కంప్యూటర్ కావాలని ఏడవలేదు, ఏడవడం చేతకాని పిల్ల. కంప్యూటర్ పోయిన దగ్గరనుంచి ప్రోగ్రామును పొడుగు నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుంటోంది. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు ఎవరి కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చుని అరగంట గబగబా కొట్టుకుంటుందట, ఫ్లాపీలో వేసుకుంటుందట. దాని అన్నండబ్బా సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. రాసేది ఏమిటనుకున్నావు? మందుల దుకాణాల్లో గడువు దాటబోయే మందులను ముందే పట్టి చూపించే లెక్క. వచ్చే ఏడు రెండువేల సంవత్సరం రాగానే పాత లెక్కలు తికమక పడతాయట, ఇది పడదట. నీ దవాఖాన రక్తం ఎక్కడికీ పోలేదు బిడ్డా, ఈ దారిన వచ్చింది.

బల్లమీద పెట్టే కంప్యూటర్ చవక కదా, ఒళ్ళో పెట్టుకునేదే ఎందుకు అని అడుగుతావు. అక్కడ నేర్చుకునేవాళ్ళు పద్నాలుగు మంది, కంప్యూటర్లు ఆరు. సొంతది తెచ్చుకున్నవాళ్ళకు కుర్చీ ఖాయం. బల్లమీదిదాన్ని పొద్దున సెవెన్ సీటర్ ఆటోలో పన్నెండు మంది మధ్య పెట్టుకుని పోయి, సాయంత్రం తెచ్చుకుంటుందా? రవికిరణ్ సారని ఆఫీసు నడిపేవాడు, చెడ్డవాడు కాదు. నేను పోయి బతిమాలాను. "ఇరవై రెండో తారీకు సోమవారందాకా ఆగుతానండి, మామ్మగారూ. ఆ రోజు తన మెషీన్ మీద ప్రోగ్రాం నడిపి చూపిస్తే ఉద్యోగంలోకి తీసుకుంటాను. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వక తప్పదండి" అన్నాడు. ఎనిమిది రోజులున్నాయి, లీదియా. నాకు గుండెలో రోలు పెట్టినట్టుంది.

నిన్న దాన్ని బలవంతాన లాక్కుని సికింద్రాబాదు పార్కులేనుకు పోయాను. చూస్తే పోయేదేముంది అన్నాను. పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే నర్సింహ అనేవాడి దుకాణం. మొదట ఒక తళతళలాడేది తెరిచి సినిమా పాట పెట్టాడు. నేను మూత పట్టుకుని ఊపాను, తలకాయ నిలవని పసిబిడ్డలా ఊగింది. పావుగంట నడవనిచ్చి దాని వీపు కింద చెయ్యి పెట్టాను. చుర్రుమంది.

"ఏంది పెద్దమ్మా, బర్రెను కొననీకి వచ్చినవా? పండ్లు గూడ చూస్తవా?" అన్నాడు నర్సింహ. పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు.

"బర్రె అయితే పాలు పిండి చూపిస్తరు. నువ్వు పాటలు పెట్టి మాయజేస్తున్నవు. మా పిల్ల రాసింది నడిపి చూపియ్యి" అన్నాను.

అంతదాకా కుర్చీలోంచి లేవనివాడు అప్పుడు లేచాడు. అటక మీదనుంచి నల్లది, ఇటుకంత మందంది దింపాడు. దాని మీటల మీద సగం అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. "దీన్ని ఎవలు కొంటలేరు. చూడనీకి సూరత్ లేదు" అన్నాడు. జాస్మిన్ సంచిలోంచి ఫ్లాపీ తీసి పెట్టింది. గుర్రుగుర్రుమంది. నాకు భయమేసింది. తర్వాత తెరమీద వరసలు దిగాయి. దాని మొహం చూడాల్సింది నువ్వు. గంటసేపు నడిపించాను. అరగంటకోసారి వీపు ముట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

"గీ అక్షరాలు లేకుంటె ఎట్ల కొడతవు, చెల్లె?" అని నర్సింహ అడిగితే, "నేను చూడకుంటనే కొడత" అంది. నేను నర్సింహతో అన్నాను, ఎవరో దీనిమీద అక్షరాలు అరిగేదాకా పని చేసుకున్నారు, అయినా ఇది చావలేదు, నాకు ఇదే కావాలి అని. తళతళలాడేదానితో ఎవరేం పని చేశారో దేవుడికెరుక. దీనికి లోటు లేదని కాదు. బ్యాటరీ చచ్చింది, కరెంటు పోతే ఆ క్షణమే ఆగుతుంది. ఆఫీసులో ఇన్వర్టరు ఉందట. ఇంట్లో పది నిమిషాలకోసారి రాసినదాన్ని దాచుకుంటుందట. బొమ్మల ఆటలకు దాని బలం చాలదట, ప్రోగ్రాములు రాసుకోవడానికి చాలునట. నువ్వు పంపిన కవరులోదానికి సరిపోతుంది. సంచికి మిగలదు, నా పాత దుప్పటితో నేను కుడతాను. శనివారం సాయంత్రందాకా అమ్మకుండా పక్కన పెడతానని నర్సింహ మాటిచ్చాడు.

ఇంతవరకూ నా వాదం విన్నావు. వీపు కింద చెయ్యి పెట్టి చూడాలని ఈ ముసల్దానికి ఎవరు నేర్పారని నీకు అనుమానం రాలేదా? ఇప్పుడు చెబుతాను. జాస్మిన్, తల దించుకుని రాయి. మాట ఇచ్చావు.

లీదియా, ఆ కంప్యూటర్‌ను పాడుచేసింది నీ కూతురు కాదు. నేను.

జనవరి చివరి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఇస్సాకు అయ్యగారు అందరి నుదుటా నూనె పూశారు. ఎవరి పనిముట్ల కోసం వాళ్ళు ప్రార్థన చేసుకోండని చెప్పి, చిన్న సీసాల్లో నూనె ఇచ్చారు. ఆటో నడిపే అతను హ్యాండిలుకు రాసుకున్నాడు, మేస్త్రీ తాపీకి రాసుకున్నాడు. వేలు తడిపి ముట్టిస్తే చాలునన్నారు. నాకు చాలలేదు. మరునాడు జాస్మిన్ స్నానానికి పోయినప్పుడు నేను కంప్యూటర్ ముందు మోకరించాను. దవాఖానలో బట్టల గదిలో కుట్టుమిషను నా చేతికింద ఉండేది, గుర్తుందా? శనివారం శనివారం ప్రతి కన్నంలో నూనె వేసేదాన్ని. పద్దెనిమిదేళ్ళు ఒక్కసారి ఆగలేదు ఆ మిషను. దీనికీ పక్కన, వెనక కన్నాలు కనబడ్డాయి. కన్నం ఉందంటే నూనె అడుగుతోందనుకున్నాను. శనివారమే కదా అనుకున్నాను. ప్రార్థన చేస్తూ సీసా మొత్తం వంచాను. కొంగుతో తుడిచి మూత పెట్టాను.

తర్వాత అది వేడెక్కడం మొదలుపెట్టింది. నాకు తెలుసు. రోజూ ముట్టి చూసేదాన్ని, జ్వరమొచ్చిన బిడ్డ ఒంటిలా ఉండేది. మంచిరోజులు రాబోతున్నాయి, పరిశుద్ధాత్మ అగ్ని దిగిందని నాకు నేను చెప్పుకున్నాను. ఫిబ్రవరి పదో తారీకున పొగ వచ్చి ఆగిపోయింది. బాగుచేసేవాడు విప్పి, "ఫ్యాను జిడ్డుతోని దుమ్ము పట్టి తిరుగుత లేదు. వేడికి లోపల కాలింది. పొయ్యి ఉన్న రూములనే పెడతర?" అన్నాడు. జాస్మినేమో, "బొంత మీద పెట్టి నడిపిన, గాలి ఆడలె. తప్పు నాదే" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోట్లో నాలుక ఉంది, నోరు మాత్రం తెరవలేదు. నీకు ఉత్తరంలో తప్పు నాదేనని అది రాసినప్పుడూ తెరవలేదు. నీ తిట్లు చదివినప్పుడూ తెరవలేదు. ముసలితనంలో మనుమరాలి ముందు మూర్ఖురాలిని కాలేక, దాన్ని దొంగను చేశాను.

ఇక్కడ ఉత్తరం ఆగింది. ఆగిన సంగతి కూడా రాయమన్నాను.

జాస్మిన్ పెన్నుకు మూత పెట్టింది. మంచం కింద తువ్వాలులో చుట్టి ఉన్న ఆ చచ్చిన కంప్యూటర్‌ను తీసి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఎన్ని కన్నాలల్ల పోసినవ్?" అంది.

"కనబడ్డ అన్నిట్ల."

దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టింది. తర్వాత, "నా చేతులంటే నాకే భయమైతుండె, అమ్మమ్మా. నెల దినాల సంది. ఆఫీసుల ఎవల మెషీన్ ముట్టాలన్నా వణుకుతుండె" అంది. ఆ మాట అన్నాక అప్పుడు ఏడ్చింది. ఏడవడం చేతకాని పిల్ల అన్నాను చూడు, అది తప్పు. దగ్గరికి పోతే చెయ్యి తోసేసింది. అన్నం వండింది. నా కంచం నా ముందు పెట్టింది, ఎదురుగా కూర్చోలేదు. గిన్నెలు కడిగి వచ్చి, పెన్ను తీసుకుని, గోడవైపు చూస్తూ "చెప్పు. ఇంక ఏమున్నదో" అంది.

ఇంకేముంది బిడ్డా. శుక్రవారం నీకు సెలవు. సాయంత్రం ఐదింటికి ఐలయ్య ఎస్టీడీ బూతులో కూర్చుని ఉంటాము, అక్కడికి ఫోను చెయ్యి. నర్సింగు డబ్బు కంప్యూటర్‌కు పెట్టమని ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే నీ డబ్బు ముట్టను, కీర్తనల్లోనే ఉంటుంది, నా తలమీద ఒట్టు. అయ్యగారు ఏమన్నా అనుకోనీ. కాని నువ్వు కాదంటే ఈ పిల్ల నా పాపానికి జీవితమంతా దండుగ కడుతుంది, నేను దాన్ని చూస్తూ చావాలి. తల్లి బిడ్డ కాళ్ళు పట్టుకుంటే ఆ పాపం బిడ్డకు అంటుతుందంటారు. ఆ పని నాతో చేయించకు. చేయిస్తే చేస్తాను.

అయితే వరస తప్పొద్దు. ఫోను ముందు దానికి ఇస్తాను. మొట్టమొదట "అజాగ్రత్త పిల్ల" అన్న మాటను దాని చెవిలో వెనక్కి తీసుకో. కంప్యూటర్ సంగతి ఆ తర్వాత. తిట్లేమైనా మిగిలితే ఫోను నాకు ఇమ్మను, మూడు నిమిషాలూ నోరు మూసుకుని వింటాను.

ఖాళీ సీసాను అయ్యగారికి తిరిగి ఇచ్చేశాను. కొత్తది వస్తే చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చేస్తాను. దేవుడికి అక్కడినుంచీ వినబడుతుంది.

కింద వేలిముద్ర వేస్తున్నాను. వేసేముందు బొటనవేలు సబ్బుతో కడుక్కోమంది నీ కూతురు. కడుక్కున్నాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న నీ అమ్మ,
ఎస్తేరమ్మ (వేలిముద్ర)